ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు దెబ్బ తగిలితే ఏ దారి ఎంచుకోవాలి

15 ఏళ్ల కుర్రవాడు పరుగెత్తుకొచ్చి బంతిని బలంగా తన్నగానే తుంటి ముందు భాగంలో ఏదో ‘టప్’మన్నట్టు అనిపించి అక్కడే కూలబడ్డాడనుకుందాం. ఇదే 30 ఏళ్ల ఆటగాడికి జరిగితే కండరం చిరిగి ఉంటుందని ఊహించవచ్చు. కుర్రవాడి విషయంలో కండరం బాగానే ఉండి, అది అతుక్కుని ఉన్న తుంటి ఎముక అంచే చిన్న ముక్కగా ఊడి వచ్చి ఉండవచ్చు. పక్కనున్నవారు నరం పట్టేసిందనుకొని నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే ఆ ముక్క ఇంకా పక్కకు జరిగే ప్రమాదం ఉంది. ఒక ఎక్స్‌రే తీయించి, కొన్నాళ్లు చంకకర్రలతో నడిపించి, వారాల తరబడి బంతి తన్నకుండా చూస్తే ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం లేకుండానే అది అతుక్కుంటుంది.

తేడా ఎక్కడ వస్తుందంటే, ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడినుంచే. కండరాలు అతుక్కునే చోట్ల కూడా ఇలాంటి మెత్తని భాగాలే ఉంటాయి. ఈ వయసులో ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంటు, కండరం కంటే ఈ మృదులాస్థే బలహీనం కాబట్టి, పెద్దవారిలో లిగమెంటు తెగే దెబ్బకు పిల్లల్లో ఎముక అంచు ఊడుతుంది. కాలి పొడవులో దాదాపు మూడింట రెండు వంతులు మోకాలికి పైనా కిందా ఉన్న రెండు గ్రోత్ ప్లేట్ల నుంచే వస్తుంది, ఫుట్‌బాల్‌లో ఎక్కువ దెబ్బలు తగిలేదీ నడుము కింది భాగానికే. అమ్మాయిల్లో సుమారు 14–15 ఏళ్లకు, అబ్బాయిల్లో 16–17 ఏళ్లకు మోకాలి దగ్గరి గ్రోత్ ప్లేట్లు గట్టిపడతాయి. అంతవరకు ఏ చికిత్సను ఎంచుకున్నా, ఎన్ని రోజులు ఆట మాన్పించినా, ముందుగా తేల్చుకోవలసినది ఈ మెత్తని భాగానికి హాని జరిగిందా లేదా అన్నదే. తల్లిదండ్రులు, పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు, కోచ్‌లు తరచుగా ఎదుర్కొనే ఎంపికలను ఈ కోణంలోనే పోల్చి చూద్దాం.

మొదటి గంటలో: ఐసు, కాపడం, మర్దన, పట్టు

కాలు బెణికిన వెంటనే మన ఇళ్లలో నాలుగు సలహాలు వినిపిస్తాయి. ఐసు పెట్టమని ఒకరు, వేడినీళ్ల కాపడం పెట్టమని ఒకరు, పసుపు సున్నం కలిపి పట్టు వేయమని ఒకరు, నూనె రాసి తోమించమని మరొకరు. వీటిలో మొదటి రెండు రోజులకు పనికివచ్చేది ఐసు ఒక్కటే. దాని వల్ల గాయం త్వరగా మానుతుందని చెప్పలేం గాని నొప్పి తగ్గుతుంది. పలుచని గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టి తీసేయాలి, నేరుగా చర్మం మీద పెట్టకూడదు. విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తి ఉంచడం అనే నాలుగింటి సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసు ఎక్కువసేపు పెడితే మానడం ఆలస్యం కావచ్చని తరవాతి కాలంలో తానే ఒప్పుకున్నారు. పూర్తి విశ్రాంతి మీద పట్టుదల కూడా ఇప్పుడు తగ్గింది. ఎముక విరగలేదని తేలాక, నొప్పి భరించగలిగినంత మేరకు నెమ్మదిగా కదిలించి, బరువు మోపించడమే మేలని నేటి వైద్యం చెబుతోంది.

వేడి కాపడం తరవాతి రోజుల్లో, కండరాల బిగుతుకు పనికివస్తుంది. తాజా దెబ్బ మీద పెడితే రక్తప్రసరణ పెరిగి వాపు ఎక్కువవుతుంది. పసుపు సున్నం పట్టు చర్మం బాగున్నచోట పెద్దగా హాని చేయకపోవచ్చు, కాని ఎండిన పట్టు కింద వాపు ఎంత పెరిగిందో, చర్మం రంగు మారిందో లేదో కనిపించదు. సున్నం ఎక్కువైతే లేత చర్మం పొక్కుతుంది. నేను గట్టిగా వద్దని చెప్పేది మర్దనను. ప్రత్యర్థి మోకాలు తొడకు బలంగా తగిలి కండరం లోపల రక్తం గడ్డకట్టినప్పుడు మొదటి రోజుల్లో దాన్ని పిసికితే, ఆ గడ్డ కట్టిన చోట ఎముక పెరగడం మొదలై, మోకాలు పూర్తిగా మడవలేని స్థితి నెలల తరబడి మిగలవచ్చు. తొడకు తగిలిన దెబ్బ కదా, తోమితే పోతుందిలే అని అందరూ తేలికగా తీసుకునే గాయం ఇది.

నొప్పి మాత్రల విషయంలో రెండు మాటలు. పిల్లలకు పారాసిటమాల్‌ను వయసుకు, బరువుకు తగిన మోతాదులో ఇవ్వవచ్చు, ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు. మ్యాచ్ ఆడించడం కోసం ముందుగానే మాత్ర వేయడం మాత్రం నొప్పి చెప్పే హెచ్చరికను నొక్కేయడమే కాబట్టి ఆ పని ఏ వయసులోనూ చేయకూడదు.

రేపు చూద్దామా, ఇప్పుడే వెళ్దామా

చీలమండ బెణికినప్పుడు ఎక్స్‌రే అవసరమా అన్నది తేల్చడానికి కెనడాలోని ఒట్టావాలో వైద్యులు 1992లో కొన్ని సూచనలు రూపొందించారు, అవి బడి ఈడు పిల్లలకూ బాగానే పనిచేస్తాయని తేలింది. చీలమండకు రెండు పక్కలా పొడుచుకువచ్చిన ఎముకల వెనక అంచు మీద గాని కొన మీద గాని వేలితో నొక్కితే నొప్పి పుట్టినా, పాదం బయటి అంచు మధ్యలో ఉన్న ఎముక మీద గాని లోపలి వైపు పాదం వంపు దగ్గరి ఎముక మీద గాని నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనేనూ తరవాత పరీక్షించినప్పుడూ 4 అడుగులు కూడా వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. వీటిలో ఏదీ లేకపోతే ఒకటి రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు.

ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన పిల్లల విషయంలో నిశ్చింతగా ఉండలేం. గ్రోత్ ప్లేట్ మృదులాస్థి కాబట్టి దానిలో చీలిక ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎముక చివర మీద నొక్కితే నొప్పి ఉన్నంతకాలం దాన్ని విరిగినట్టే భావించి కట్టు వేసి, 10–14 రోజుల తరవాత మళ్లీ ఫిల్మ్ తీయించడం సురక్షితమైన దారి. అనవసరంగా కట్టు వేసినందువల్ల పోయేది రెండు వారాలు, కాని అవసరమైన కట్టు వేయకపోతే కాలు వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు.

మోకాలు విషయంలో గడియారం చాలా చెబుతుంది. దెబ్బ తగిలిన ఒకటి రెండు గంటల్లోనే మోకాలు బుడ్డలా వాచిందంటే లోపల రక్తం చేరినట్టు, అది ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకను కింది ఎముకతో కట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంటు) తెగడం కావచ్చు, మోకాలి చిప్ప పక్కకు జారి తిరిగి సర్దుకోవడం కావచ్చు, లేదా చిన్న పిల్లల్లో ఏసీఎల్ అతుక్కున్న ఎముక మొన ఊడిరావడం కావచ్చు. ఈ మూడోది ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది, అందువల్ల ముందు ఎక్స్‌రే, ఆ తరవాతే ఎంఆర్ఐ అన్న క్రమం ఖర్చు కోసమే గాక వైద్యపరంగా కూడా సరైనది. మర్నాటికి నెమ్మదిగా వచ్చే కొద్దిపాటి వాపు అంత తొందరపెట్టదు.

దెబ్బ ఏదీ తగలకుండానే కుంటుతున్న 10–16 ఏళ్ల పిల్లవాడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ముఖ్యంగా బరువు ఎక్కువ ఉన్న పిల్లవాడైతే. తుంటి కీలులో ఎముక తల గ్రోత్ ప్లేట్ దగ్గర జారడం మొదలైనప్పుడు నొప్పి తుంటిలో కాకుండా మోకాలిలో తెలియవచ్చు. మోకాలికి ఎక్స్‌రే తీసి బాగుందని పంపేస్తే అసలు జబ్బు ఉండిపోతుంది. ఇది ఆపరేషన్ అవసరమయ్యే అత్యవసర స్థితి కాబట్టి, కారణం తెలియని మోకాలి నొప్పితో పిల్లవాడు కుంటుతుంటే తుంటిని కూడా పరీక్షించమని మీరే అడగండి. రాత్రి నిద్రలో లేపే ఎముక నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, మూడు వారాలు దాటిన నడుము నొప్పి కూడా వైద్యుడికి చూపించవలసినవే. నడుము నొప్పిని పిల్లలు బరువైన బడి సంచి మీదికి నెడతారు గాని, వెనక్కి వంగినప్పుడు ఎక్కువయ్యే నొప్పి వెన్నుపూసలో సన్నని పగులుకు సూచన కావచ్చు.

పుత్తూరు కట్టా, ఆసుపత్రి కట్టా

తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలోని పుత్తూరు పేరు వినని తెలుగు కుటుంబం, ముఖ్యంగా రాయలసీమలో, ఉండదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో కట్టే కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. ఖర్చు తక్కువ, ఆసుపత్రిలో చేరనక్కరలేదు, కోత భయం లేదు, తరతరాల నమ్మకం ఉంది. వీటిని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే దగ్గరలో ఎముకల వైద్యుడు దొరకని కుటుంబాలను ఆదుకున్నది ఈ కట్టే.

అయినా ఎదిగే పిల్లల విషయంలో నా తూకం ఆసుపత్రి వైపే మొగ్గుతుంది. కారణం చేతి నైపుణ్యంలో లోపం కాదు. పిల్లల ఎముకలు చాలావరకు వాటంతటవే అతుక్కుంటాయి, నడిమి భాగంలో విరిగిన ఎముక కొద్దిగా వంకరగా అతుక్కున్నా ఎదుగుదలలో చాలావరకు సర్దుకుంటుంది. కీలుకు దగ్గరగా, గ్రోత్ ప్లేట్ మీదుగా విరిగినదానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ ముక్కలు ఎంత ఖచ్చితంగా కూడాయన్నది ఎక్స్‌రే చూస్తేనే తెలుస్తుంది, కూడకపోతే కొన్నిసార్లు సన్నని తీగలతో బిగించవలసి వస్తుంది, ఆ తరవాత ఏడాది వరకైనా ఎదుగుదల సరిగ్గా ఉందో లేదో చూస్తుండాలి. నాటు కట్టుకు ఇవేవీ సాధ్యం కావు. కాబట్టి మోచెయ్యి, మణికట్టు, మోకాలు, చీలమండల దగ్గరి దెబ్బలకు, చర్మం చీలి ఎముక బయటపడినప్పుడు, వేళ్లు తిమ్మిరెక్కినప్పుడు లేదా చల్లబడినప్పుడు ఆసుపత్రి తప్ప మరో ఆలోచన పెట్టుకోవద్దు. గోల్‌కీపర్లు, కిందపడి చెయ్యి ఆనించినవారు తెచ్చుకునే మోచేతి విరుపుల్లో బిగుతైన కట్టు రక్తనాళాన్ని నొక్కేస్తే ముంజేతి కండరాలు చచ్చుబడి, వేళ్లు జీవితాంతం వంగిపోయి ఉండవచ్చు.

ఈ చివరి ప్రమాదం ఆసుపత్రిలో వేసే పిండికట్టుకూ వర్తిస్తుంది. ఎవరు వేసిన కట్టయినా సరే, గంట గంటకూ నొప్పి పెరుగుతూ ఉంటే, వేళ్లు నీలిరంగుకు తిరిగినా పాలిపోయినా, వేలిని మెల్లగా చాపితే పిల్లవాడు కేక పెట్టినా, తెల్లవారేదాకా ఆగకూడదు. కొన్ని గంటల్లోనే కండరం తిరిగిరాని స్థితికి చేరుతుంది కాబట్టి వెంటనే కట్టు విప్పించాలి. పెద్దవారు కుటుంబంలో పట్టుబట్టి పుత్తూరుకే వెళ్లాలంటే, ముందు ఒక ఎక్స్‌రే తీయించి, గ్రోత్ ప్లేట్‌కు, కీలుకు హాని లేదని ఎముకల వైద్యుడితో చెప్పించుకున్న తరవాత వెళ్లడం మధ్యేమార్గం.

ఆట పూర్తిగా మాన్పించడమా, తగ్గించడమా

ఎత్తు గబగబా పెరిగే కాలంలో, అంటే అమ్మాయిలకు 11–12 ఏళ్ల ప్రాంతంలోనూ అబ్బాయిలకు 13–14 ఏళ్ల ప్రాంతంలోనూ, ఎముకలు పొడవయినంత వేగంగా కండరాలు సాగవు. ఆ లాగుడు అవి అతుక్కున్న మెత్తని చోట పడుతుంది. మోకాలి చిప్పకు కాస్త కింద ఎముక మీద బుడిపెలా వచ్చి నొప్పిపెట్టే ఆస్‌గుడ్ ష్లాటర్, మడమ వెనక నొప్పిపెట్టే సీవర్స్ అనే రెండూ ఇలా వచ్చేవే. ఏ ఒక్క దెబ్బా కారణం కాదు; పరుగులు, గెంతులు, తన్నులు కలిసి మోపిన బరువు కారణం.

ఇక్కడ తల్లిదండ్రులు రెండు అంచులకు పోతుంటారు. కొందరు ఎదుగుదల నొప్పులే కదా అని అలాగే ఆడిస్తారు, కొందరు ఏడాది పాటు ఆట మాన్పిస్తారు. రెండూ సరికావు. సాధారణంగా పాటించే కొలత ఏమిటంటే, ఆడేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉండి, మర్నాటి ఉదయానికి తగ్గిపోతే కొనసాగించవచ్చు; మర్నాడు కూడా ఉంటే, కుంటించేలా ఉంటే ఆ వారం ఆట భారం తగ్గించాలి. తగ్గించడమంటే వారంలో రోజులు తగ్గించడం, గెంతులు, తన్నుల సాధన ఆపి పాస్‌ల సాధన ఉంచడం, తొడ కండరాలకు నెమ్మదిగా బలం పెంచే వ్యాయామాలు చేర్చడం. డెన్మార్క్‌లో ఆస్‌గుడ్ ష్లాటర్ ఉన్న 10–14 ఏళ్ల పిల్లలు 51 మందికి 12 వారాల పాటు ఇలా ఆట భారం తగ్గించి, మోకాలికి బలం పెంచే వ్యాయామాలు చేయించినప్పుడు ఎక్కువమందికి మంచి మెరుగు కనిపించింది, కాని 12 వారాలకే పూర్తిగా ఆటకు తిరిగివచ్చినవారు తక్కువ, ఏడాది నాటికి మూడింట రెండు వంతుల మంది వచ్చారు. పిల్లవాడికి, కోచ్‌కు ముందే ఈ కాలం సంగతి చెప్పడం మంచిది. లేకపోతే నాలుగో వారంలో ఓపిక పోతుంది. ఇలాంటి నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పించడం మాత్రం ఈ వయసులో మంచి ఎంపిక కాదు, కండరాన్ని ఎముకకు అతికించే స్నాయువు బలహీనపడే ప్రమాదం ఉంది. సీవర్స్‌కు బూటులో మడమ కింద మెత్తని దిండు, పిక్క కండరాల వ్యాయామం, ఆట భారం తగ్గింపు చాలు.

ఏసీఎల్ తెగితే: ఆపరేషనా, వ్యాయామ చికిత్సా

మొత్తం ఎంపికల్లో ఇదే కష్టమైనది. యుక్తవయసు మొదలయ్యాక అమ్మాయిల్లో ఈ గాయం ప్రమాదం అబ్బాయిల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, చాలాసార్లు ఎవరూ తగలకుండానే, దిశ మార్చబోయో గెంతి దిగేటప్పుడో తెగుతుంది.

ఆపరేషన్‌లో సర్జన్ మరో స్నాయువును తెచ్చి తెగిన లిగమెంటు స్థానంలో బిగిస్తారు. దానికోసం ఎముకలో వేసే రంధ్రం గ్రోత్ ప్లేట్ గుండా వెళ్తే కాలు వంకరగా లేదా పొడవులో తేడాతో పెరిగే ప్రమాదం కొంత ఉంటుంది, అందుకే చిన్నవయసువారికి ఆ పొరను తప్పించి చేసే ప్రత్యేక పద్ధతులున్నాయి. ఆపరేషన్ లేకుండా మంచి ఫిజియోథెరపీతో గడిపే దారిలో ఆ ప్రమాదం లేదు గాని, మోకాలు పట్టుతప్పి జారుతూ ఉంటే లోపలి నెలవంక ఆకారపు మెనిస్కస్, కీలు మృదులాస్థి దెబ్బతింటాయి, అవి అంత తేలికగా తిరిగిరావు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పిలుపు మీద నిపుణులు 2018లో ప్రకటించిన ఏకాభిప్రాయం ఈ రెండు దారులనూ గౌరవించింది. కుట్టగలిగిన మెనిస్కస్ గాయం ఉన్నా, మంచి వ్యాయామ చికిత్స తరవాత కూడా మోకాలు మాటిమాటికీ జారుతున్నా, పిల్లవాడు చేయదలచిన పనులకు భరించలేని అడ్డంకి మిగిలినా ఆపరేషన్ వైపు వెళ్లాలని చెప్పింది.

నా దృష్టిలో 12 ఏళ్ల పిల్లవాడి మెనిస్కస్ బాగుండి, మోకాలు జారకపోతే మొదటి మూడు నెలలు మంచి ఫిజియో వద్ద గడిపి, ఆ తరవాత నిర్ణయించుకోవడమే వివేకం. ఆ కాలంలో గెంతులు, మలుపులు ఉండే ఆటలు పూర్తిగా బంద్. గ్రోత్ ప్లేట్లు దాదాపు మూసుకున్న 16 ఏళ్ల అమ్మాయి మళ్లీ పోటీ ఫుట్‌బాలే ఆడాలనుకుంటే తూకం ఆపరేషన్ వైపు మారుతుంది. మీ ఊళ్లో వారానికి రెండుసార్లు క్రమంగా చూసే ఫిజియో లేకపోతే వ్యాయామ చికిత్స ఎంపిక కాగితం మీదే ఉంటుంది కాబట్టి ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆపరేషన్ చేయించినా ఫిజియో అవసరం తప్పదు.

తిరిగి ఆడే తేదీ విషయంలో మాత్రం రెండు అభిప్రాయాలు లేవు. 9 నెలల లోపు తిరిగి ఆడినవారిలో మళ్లీ తెగే ప్రమాదం చాలా ఎక్కువని నార్వే పరిశోధకులు చూపించారు. పిల్లల విషయంలో కనీసం 12 నెలలు ఆగాలని పైన చెప్పిన ఏకాభిప్రాయం సూచిస్తుంది. నెలలు గడిస్తే చాలదు, దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతమైనా ఉండాలి, ఒంటికాలి గెంతు పరీక్షల్లోనూ నెగ్గాలి. 25 ఏళ్లలోపువారిలో మలుపుల ఆటలకు తిరిగి వెళ్లిన ప్రతి నలుగురిలో ఒకరికి దాదాపుగా అదే కాలికో రెండో కాలికో మళ్లీ ఏసీఎల్ తెగుతోంది. అండర్-17 జిల్లా ఎంపికలు ఎనిమిదో నెలలో వచ్చాయని పంపేయవద్దు.

తల విషయంలో ఎంపిక లేదు

1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండ్‌తో ఆడుతూ తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను హైదరాబాద్‌కు చెందిన మన మహా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఫార్వర్డ్ స్థానంలో దింపారు. సెమీఫైనల్‌లోనూ, దక్షిణ కొరియా మీద 2–1తో నెగ్గిన ఫైనల్‌లోనూ జర్నైల్ గోల్ చేశారు. ఆ ధైర్యానికి, ఆ వ్యూహానికి ఎవరైనా తలవంచవలసిందే. ఆనాటికి తలదెబ్బ గురించి ఉన్న జ్ఞానం వేరు, ఆడినవారు పెద్దవారు. ఆ కథను ఈనాటి పిల్లలకు ఆదర్శంగా చెప్పి కట్టు కట్టి మైదానంలోకి పంపడం మాత్రం ప్రమాదం.

తలకు దెబ్బ తగిలాక పిల్లవాడు అయోమయంగా చూసినా, స్కోరు గుర్తులేకపోయినా, తలనొప్పి, వికారం, తూలుడు ఏది కనిపించినా ఆ రోజు ఆట ముగిసినట్టే. స్పృహ తప్పకపోయినా కన్‌కషన్, అంటే దెబ్బకు మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం, కావచ్చు. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మూర్ఛ, మెడ నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, రెండుగా కనిపించడం వంటివి ఉంటే అత్యవసర విభాగానికి వెళ్లాలి. పోలిక అవసరమయ్యేది ఆ తరవాతే. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన నిపుణుల సమావేశం సూచనల ప్రకారం మొదటి 24–48 గంటలు తేలికపాటి విశ్రాంతి, ఫోను టీవీలు తక్కువ, ఆ తరవాత నడక, ఆ తరవాత మెట్టు మెట్టుగా ఆట సాధన. ప్రతి మెట్టుకూ కనీసం ఒక రోజు. బడి చదువుకు పూర్తిగా తిరిగివచ్చాకే పోటీ ఆట. బ్రిటన్‌లో 2023 నుంచి సాధారణ క్రీడాకారులకు పోటీ ఆటకు ముందు కనీసం 21 రోజులు ఆగాలన్న మార్గదర్శకం ఉంది. మైదానంలో వైద్యుడు లేని మన పాఠశాలలకు ఈ 21 రోజుల నియమమే తగినదని నేను అనుకుంటున్నాను. తలతో బంతి కొట్టే సాధన విషయంలో అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే 10 ఏళ్లు, అంతకు తక్కువ వయసువారికి నిషేధించింది. మన అకాడమీలు ఆ నియమం కోసం ఎదురుచూడకుండా తామే పాటించవచ్చు.

దెబ్బ తగలకముందు చేసే ఎంపికలు

ఆట మొదలవ్వకముందు నిలబడి కాళ్లు చాపుకొనే స్ట్రెచింగ్ ఒక్కటే గాయాలను పెద్దగా తగ్గించదు. ఫిఫా తరఫున రూపొందిన 11 ప్లస్ అనే వార్మప్ సుమారు 20 నిమిషాలు పడుతుంది, బంతి తప్ప పరికరాలు అక్కరలేదు. నార్వేలో 13–17 ఏళ్ల అమ్మాయిల జట్లలో 2008లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. 7–13 ఏళ్లవారికి పడటం, లేవడం, తూకం నేర్పే 11 ప్లస్ కిడ్స్ వేరుగా ఉంది, యూరప్‌లో నాలుగు దేశాల్లో జరిగిన అధ్యయనంలో గాయాలను సుమారు సగానికి తగ్గించింది. స్వీడన్‌లో 12–17 ఏళ్ల అమ్మాయిలకు వారానికి రెండుసార్లు 15 నిమిషాల మోకాలి వ్యాయామాలు చేయించగా ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. మీ జట్టులో అమ్మాయిలుంటే, సమయం తక్కువైతే, మోకాలి కార్యక్రమమైనా మానవద్దు. ఏది ఎంచుకున్నారన్నదాని కంటే ఎన్ని వారాలు వదలకుండా చేయించారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

బూట్ల సంగతి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవారిలో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు, 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన తరవాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నేటి సమస్య వేరు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అద్దెకిచ్చే కృత్రిమ టర్ఫ్ మీద పొడవు స్టడ్స్ (అడుగున మేకుల్లా పొడుచుకువచ్చేవి) ఉన్న బూట్లు వేస్తే కాలు నేలకు అతుక్కుపోయి శరీరం మాత్రం తిరుగుతుంది, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. అక్కడికి చిన్న రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ బూట్లు సరిపోతాయి, పచ్చగడ్డి మైదానానికి మాత్రమే స్టడ్స్ బూట్లు. ఒకే జత కొనగలిగితే, బడి మైదానం గట్టి ఎర్రమట్టిదైతే, టర్ఫ్ బూట్లే కొనండి. వచ్చే ఏడాదికీ పనికివస్తాయని ఒక సైజు పెద్దవి కొనడం బెణుకులకు పునాది. పిక్క ముందు ఎముకను కాపాడే షిన్‌గార్డ్ ఆట నియమాల ప్రకారం తప్పనిసరి, ఇప్పుడు మోజుగా వేస్తున్న అరచేతిలో పట్టే చిన్నవి దెబ్బను ఆపవు. 12 ఏళ్లలోపు గోల్‌కీపర్‌కు పెద్దల 5 సైజు బంతి వద్దు, 4 సైజు చాలు. పెద్ద బంతిని ఆపబోయి మణికట్టు ఎముక విరగ్గొట్టుకున్న పిల్లల వివరాలను బ్రిటిష్ వైద్యులు 2001లోనే ప్రచురించారు.

బడి జట్టు, క్లబ్ జట్టు, వేసవి శిబిరం అన్నీ ఒకేసారి నడుస్తున్నప్పుడు ఏది వదలాలన్న ప్రశ్నకు ఒక సులభమైన కొలత ఉంది. వారంలో క్రమబద్ధమైన సాధన గంటలు పిల్లవాడి వయసును మించకూడదు, అంటే 12 ఏళ్లవాడికి 12 గంటలు దాటకూడదు. కోచ్ నడిపే ఆట గంటలు తనంతట తాను ఆడుకునే గంటలకు రెట్టింపు దాటకూడదు. ఈ రెండూ దాటిన పిల్లల్లో అతిగా వాడటం వల్ల వచ్చే గాయాలు ఎక్కువని అమెరికాలో జరిగిన పరిశోధన చూపింది. సాధన పెరిగి తిండి పెరగకపోతే, ముఖ్యంగా అమ్మాయిలకు నెలసరి ఆగిపోతే, ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయి. ఆ సంగతి అమ్మాయి కోచ్‌కు చెప్పుకోలేదు కాబట్టి ఇంట్లో తల్లి అడిగి తెలుసుకోవాలి.

రెండు అకాడమీల మధ్య ఎంచుకోవలసి వస్తే ఫీజు, ట్రోఫీల కంటే ముందు మూడు ప్రశ్నలు అడగండి. వార్మప్ ఏది చేయిస్తున్నారు, రోజూ చేయిస్తున్నారా? కదిలించగలిగే గోల్‌పోస్టులను నేలకు బిగించారా, ఎందుకంటే బిగించనివి పిల్లల మీద పడి ప్రాణాలు తీసిన ఘటనలు ఉన్నాయి. గాయపడిన పిల్లవాడిని బయటకు తీసే నిర్ణయం ఎవరిది, కోచ్ ఒప్పుకోకపోయినా అది చెల్లుతుందా?